వాల్‌బుర్గా పీపా

క్రిస్మస్ అయిన రెండో రోజు, యోహాను పండుగ ఉదయం వాల్‌బుర్గా ఖాళీ సీసా ఒకటి కడిగి, తుడిచి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, మళ్లీ కడగడం మొదలుపెట్టింది. సీసాలో లోపమేమీ లేదు. నేలమాళిగలోకి దిగడం ఇంకాస్త ఆలస్యమైతే బాగుండునని ఆమె కోరిక, అంతే.

"అరిగిపోతుందే అమ్మాయ్ ఆ సీసా," అంది అత్తగారు ఒటీలియా, పొయ్యి పక్క కుర్చీలో కూర్చుని నల్ల చేతితొడుగులు సర్దుకుంటూ. "క్రిస్మస్ బాతు పొయ్యిలో పెట్టావా?"

"పెట్టాను అత్తయ్యా. సన్నసెగ మీద ఉంది."

"ఆ వాసన చూస్తే తెలియడం లేదూ! ఊరికే అడిగాను."

వాల్‌బుర్గా నవ్వినట్టు ముఖం పెట్టి, నడుముకు వేలాడే తాళంచెవిని గుప్పెట్లో బిగించుకుని మెట్లు దిగింది. బాతు వాసన ఆమెకు తెలియడం లేదు. బాతు వాసనే కాదు, ఏ వాసనా తెలియడం లేదు.

ద్రాక్షకోత చివరి వారంలో జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ ముక్కును కూడా తీసుకుపోయింది. జలుబు కాబోలు, తగ్గితే అదే వస్తుందనుకుంది. చామంతి పూల ఆవిరి పట్టింది. గుండెల మీద బాతు కొవ్వు రాసుకుంది. ఉల్లిపాయ కోస్తే కళ్లు మండేవి గానీ ఘాటు తెలిసేది కాదు. కాఫీ వేడి వేడి చేదు నీళ్లు అయింది. సబ్బుకూ రొట్టెకూ తేడా కళ్లతో చూసి తెలుసుకోవలసి వచ్చింది.

ఇంకో ఇంట్లో అయితే ఇదొక చిన్న ఇబ్బంది. ఈ ఇంట్లో అలా కాదు. జర్మనీలో మోజెల్ నది వంపులో, నిలువుగా లేచిన పలకరాళ్ల కొండ మీద ఈ ఇంటి ద్రాక్షతోట ఉంది. తోట మగవాళ్లది, నేలమాళిగ ముక్కుది. తరతరాలుగా అదే నియమం. తాళంచెవి పెద్దకొడుక్కి రాదు, ఎవరి ముక్కు గట్టిదైతే వాళ్లకు వస్తుంది. చాలా తరాలుగా అది ఈ ఇంటికి వచ్చిన కోడళ్ల నడుమునే వేలాడుతూ వచ్చింది.

వాల్‌బుర్గా కొత్తకోడలిగా వచ్చిన వారంలోనే ఒటీలియా ఆమె ముందు గ్లాసులు వరసగా పెట్టింది. చివరి గ్లాసు దగ్గర వాల్‌బుర్గా ముక్కు చిట్లించి, "ఈ పీపా బిరడా లోపల కుళ్లింది అత్తయ్యా," అంది. అందరూ ఘొల్లున నవ్వారు. మర్నాడు బిరడా పగలగొట్టి చూస్తే లోపల నల్లగా మెత్తబడి ఉంది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. కొన్నేళ్లకు తన ముక్కు మందగించిందని అనిపించిన రోజున ఒటీలియా తనంత తానే తాళంచెవి విప్పి కోడలి చేతిలో పెట్టింది. "ఇది ముక్కుది, మనిషిది కాదు. నీ ముక్కు పోయిన రోజున నువ్వే విప్పి ఇవ్వాలి. అడగడమంటూ ఉండదు," అంది.

విప్పితే ఎవరికివ్వాలి? భర్త లుడ్గర్ మంచి రైతు. కొండ ఎక్కితే మేకపోతు. కానీ అతని ముక్కు ముఖానికి అందం కోసమే. కూతురు రోస్విత వైన్ చదువుల బడిలో చేరి ఏడాది కాలేదు. పుస్తకంలో ఉన్నది చెబుతుంది, పీపాలో ఉన్నది చెప్పగలదో లేదో వాల్‌బుర్గా ఎన్నడూ చూడనివ్వలేదు. ఇంట్లో ముక్కు లేకపోతే పండిన ద్రాక్షను పండినట్టు సహకార సంఘానికి తోలెయ్యడమే. ఊళ్లో సగం ఇళ్లు ఇప్పటికే ఆ దారి పట్టాయి. "హాయిగా నిద్రపోతున్నారు వాళ్లు," అని లుడ్గర్ అప్పుడప్పుడూ అంటూనే ఉన్నాడు. ఆ మాట నిజం కావడానికి తను ఒక్కసారి నోరు తెరిస్తే చాలు. అందుకే ఆమె నోరు తెరవలేదు.

ముక్కు లేకుండా ఇంతకాలం నెట్టుకొచ్చిందంటే చెవీ కన్నూ పనిచేశాయి గనుక. వైన్ పులిసేటప్పుడు చెవి ఆనిస్తే బుడగల చప్పుడు తెలుస్తుంది. రంగు కంటికి తెలుస్తుంది. మిగతాది ఎదుటివాళ్ల ముఖాలు చెబుతాయి. గ్లాసు అందించి కనుబొమలు చూసేది. బాగుంటే కనుబొమలు పైకి వెళ్తాయి, లేకపోతే దగ్గరవుతాయి. గుడ్డిలో మెల్ల.

నేలమాళిగ గోడల మీద నల్లటి బూజు ముఖమల్ గుడ్డ పరిచినట్టుంది. దాని కింద పీపాలు వరసగా ఉన్నాయి. ఈ ఇంటికి కోడలు వచ్చినప్పుడల్లా కొత్త పీపా ఒకటి చేయించి ముందు పలక మీద ఆమె పేరు చెక్కిస్తారు. హెలెనా, అపొలోనియా, ఒటీలియా, చివరన వాల్‌బుర్గా. హెలెనా ఎవరికి అమ్మమ్మో ఎవరికి ముత్తవ్వో ఇప్పుడెవరికీ సరిగా తెలియదు. ఆమె పీపా మాత్రం ఇంకా పనిచేస్తోంది.

యోహాను పండుగకు చర్చిలో దీవెనకు పెట్టే వైన్ తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్ల పీపాలోంచే తియ్యాలి. దీవెన అయ్యాక సీసాలో మిగిలినదాన్ని ఇంటికి తెచ్చి ప్రతి పీపాలో కాస్త కాస్త పోస్తారు. ఆ ఏడు వైన్ చెడకుండా యోహాను కాపాడతాడు.

వాల్‌బుర్గా తన పీపా బిరడాకు రెండు పక్కలా సుత్తితో తట్టి పైకి తీసింది. దీపం దగ్గరగా పట్టి లోపలికి చూసింది.

వైన్ బిరడాను తాకుతూ ఉండాలి. నాలుగు వేళ్ల మేర కిందికి దిగి ఉంది. పైన చల్లారిన పాల మీద మీగడలా పలచటి తెల్లని తెట్టు.

ఆమె దీపాన్ని ఇంకాస్త దించి మళ్లీ చూసింది.

తెట్టు కట్టిన ప్రతి వైనూ చెడిపోదు. కొన్నిసార్లు తెట్టు తీసి, పీపా నింపేస్తే సరిపోతుంది. ఏది ఏదో ముక్కు క్షణంలో చెబుతుంది. ఆమె గాజు గొట్టంతో తెట్టు కింద నుంచి కాస్త తీసి నోట్లో పోసుకుంది. పుల్లగా ఉంది. ఈ కొండల వైన్ పసితనంలో పుల్లగానే ఉంటుంది. ఇది ద్రాక్ష పులుపా, వెనిగర్ పులుపా? నాలుక పులుపంది, అక్కడితో ఊరుకుంది. ఇంకోసారి తాగింది. మూడోసారి తాగాక ఏ పులుపూ తెలియలేదు.

ఒటీలియా పీపాలోంచి పట్టుకుపోతే? ఎవరు చూస్తారు?

"అమ్మా!" మెట్ల మీంచి రోస్విత గొంతు. "నానమ్మ చేతికర్ర నేలకేసి కొడుతోంది. అంటే నీకు తెలుసుగా."

వాల్‌బుర్గా తెట్టు కదలకుండా తన పీపాలోకే గొట్టం దింపి, సీసా నింపింది. బిరడా బిగించింది. పైకి వచ్చి సీసాను మొదట లుడ్గర్ ముక్కు కింద పెట్టింది. అతను అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు.

"వాసన చూడు."

"నేనా? ఏమయిందే నీకు, పండుగ పూట వేళాకోళమా?"

"చూడవయ్యా, ఒక్కసారి."

అతను గట్టిగా పీల్చాడు. "వైన్ వాసన."

"ఎలాంటి వైన్ వాసన?"

"వైన్ లాంటి వైన్ వాసన. సబ్బు వాసన కూడా వస్తోంది గానీ అది నాదే."

ఇంకొంచెం గుచ్చి అడిగితే ఎందుకని అడుగుతాడు. చెబితే లుడ్గర్ నోట్లో నువ్వుగింజ నానదు, మధ్యాహ్నానికి ఊరంతా తెలుస్తుంది. వాల్‌బుర్గా కూతురి వైపు తిరిగింది. "ఏదీ, మీ బడిలో ఏం నేర్పారో చూద్దాం. కాస్త తాగి చెప్పు."

రోస్విత కళ్లు పెద్దవి చేసింది. "దీవెనకు ముందా? నానమ్మ నా కాళ్లు విరగ్గొడుతుంది! అయినా నువ్వు తీసిన వైన్‌కు నేను మార్కులెయ్యడమేమిటమ్మా?"

"విరగ్గొడతానని చెప్పు," అంది వంటింట్లోంచి ఒటీలియా.

చర్చిలో సీసాలు పీఠం ముందు మెట్ల మీద బారులు తీరాయి. ప్రతి సీసా మెడకూ ఆ ఇంటి రంగు రిబ్బను. వాల్‌బుర్గా తన ఆకుపచ్చ రిబ్బను మీంచి చూపు తిప్పుకోలేకపోయింది. ఫాదర్ ఏటా చెప్పే కథే చెప్పాడు: శత్రువులు యోహానుకు విషం కలిపిన పాత్ర ఇచ్చారు, ఆయన దాన్ని దీవించి తాగాడు, ఆయనకేమీ కాలేదు. ప్రతి ఏడూ వినీ వినీ ఆ కథ జోలపాటలా అయిపోయింది. ఈసారి విషమనే మాట దగ్గర ఆమె తల దించుకుంది.

దీవెన అయ్యాక ప్రతి ఇంటి ఇల్లాలూ తన సీసా, చిన్న వెండి గిన్నె పట్టుకుని బల్లల మధ్య తిరుగుతుంది. "యోహాను ప్రేమను తాగండి," అని పోస్తుంది. తాగినవాళ్లు "ఆమెన్" అంటారు. అంతకుమించి ఒక్క మాట అనరు. ఆ రోజు ఎవరి వైన్‌నూ పొగడకూడదు, ఎవరి వైన్‌నూ తెగడకూడదు, ముఖం కూడా కదిలించకూడదు. మిగతా అన్ని రోజులూ పొరుగువాడి వైన్‌ను చీల్చి చెండాడే ఊరు ఇది. ఈ ఒక్క రోజు మాత్రం రాతి బొమ్మల్లా తాగుతారు.

ఆ సంగతి వాల్‌బుర్గాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇన్నాళ్లుగా తను ముఖాలు చూసే బతుకుతున్నానని, ఈ రోజు ముఖాలుండవని మాత్రం గిన్నె చేతిలోకి తీసుకున్నాకే తట్టింది.

మొదట పక్కతోట కాస్పర్. ఊళ్లో అతని నాలుకకు మించిన నాలుక లేదు. పోయినేడు ఎవరి వైన్‌నో "గుర్రం తాగి వదిలేసింది" అన్నవాడు. అతను గిన్నె ఎత్తి, నింపాదిగా, చివరి చుక్క దాకా తాగాడు. వాల్‌బుర్గా అతని కనుబొమల మీద చూపు నిలిపింది. అవి పైకి పోలేదు, దగ్గరా కాలేదు. మీసం కూడా కదల్లేదు.

"ఆమెన్," అన్నాడు.

అతని గొంతులో ఏమైనా ఉందా? ఆమెన్ కాస్త పొడుగ్గా అన్నాడా? పోయినేడు ఎలా అన్నాడు? ఆమె తరువాతి బల్ల దగ్గరకు నడిచింది. ఆమెన్. ఆమెన్. రొట్టెల కొట్టు ముసలామె దగ్గింది. అది వైన్ వల్లో చలి వల్లో! చివరికి తన ఇంటివాళ్ల దగ్గరకు వచ్చింది. లుడ్గర్ తాగాడు. రోస్విత తాగి కళ్లు దించుకుంది. ఒటీలియా తాగి, గిన్నె తిరిగి ఇస్తూ కోడలి ముఖంలోకి కాస్త ఎక్కువసేపు చూసింది. ఎందుకు చూసింది?

సీసాలో కొంత మిగిలింది. ఎవరూ రెండోసారి అడగలేదు. రెండోసారి అడిగే ఆచారం లేదులే, అని తనకు తాను చెప్పుకుంది.

ఇంటికి వచ్చాక పండుగ బట్టలు మార్చకుండానే నలుగురూ నేలమాళిగలోకి దిగారు. ఒటీలియాను లుడ్గర్ చెయ్యి పట్టుకుని దింపి, బోర్లించిన తొట్టి మీద కూర్చోబెట్టాడు. రోస్విత దీపం పట్టుకుంది. లుడ్గర్ హెలెనా పీపా బిరడా తీశాడు. ముందు ఆమెతోనే మొదలుపెట్టాలి. వాల్‌బుర్గా గరాటు పెట్టి సీసా వంచింది.

వైన్ సీసా మూతి దాకా వచ్చింది.

ఇది మంచిదైతే నష్టం లేదు. చెడ్డదైతే ఇప్పుడు హెలెనాలోకి, ఆ తర్వాత అపొలోనియాలోకి, ఒటీలియాలోకి పోతుంది. ఒక్క గరిటెడు చాలు. ఎండాకాలం వచ్చేసరికి నేలమాళిగ మొత్తం వెనిగర్ అవుతుంది. అప్పుడు కూడా తనకు వాసన తెలియదు. గుమ్మంలోకి వచ్చినవాళ్లందరికీ తెలుస్తుంది, తను మాత్రం నడుముకు తాళంచెవి వేలాడేసుకుని నవ్వుతూ ఎదురెళ్తుంది.

"పొయ్యవే," అన్నాడు లుడ్గర్. "బాతు మాడిపోతుంది."

"మాడుతోందా?" అంది ఆమె. "నాకు తెలియదు. నాకు వాసన తెలియదు."

"పైనుంది కదా, ఇక్కడికెలా తెలుస్తుంది."

"అది కాదు లుడ్గర్." ఆమె సీసా నిలబెట్టింది. "నాకు ముక్కు పనిచెయ్యడం లేదు. జ్వరం వచ్చినప్పటి నుంచీ. ఇందులో ఉన్నది వైనో వెనిగరో నాకు తెలియదు. పీపా మీద తెట్టు కట్టింది. చూసి కూడా తీసుకొచ్చాను."

గోడ మీంచి నీటిచుక్క ఎక్కడో పడింది. వాల్‌బుర్గా తాళంచెవి విప్పడానికి ప్రయత్నించింది. ముడి బిగుసుకుపోయింది.

రోస్విత దీపం కింద పెట్టి, తల్లి చేతిలోంచి సీసా తీసుకుని వాసన చూసింది. చూడవలసినంత సేపు కూడా చూడలేదు.

"వెనిగర్ అమ్మా. ఇంకా పూర్తిగా కాలేదు, కానీ దారిలో పడింది."

"అయితే చర్చిలో తాగినప్పుడు నీకు..."

"తెలిసింది."

"తెలిసి ఊరుకున్నావా!"

"ఎవరితో చెప్పను? నువ్వు పోసిన వైన్ అది!" అంది రోస్విత. "నువ్వు తప్పు చెయ్యవు కదా. బడిలో నేర్చుకున్నది తప్పేమో, నాకసలు ముక్కే లేదేమో అనుకున్నాను. దారంతా అదే ఆలోచన. ఇంక ఆ చదువు మానేద్దామని కూడా అనుకున్నాను."

లుడ్గర్ తల గోక్కున్నాడు. "నాకూ కొంచెం గొంతులో గీరుకుంది. కానీ నా నాలుక సంగతి ఎవరికి తెలియదు? బుర్గా తెచ్చింది కదా, బాగానే ఉండి ఉంటుందనుకున్నా."

అందరూ ఒటీలియా వైపు చూశారు. ముసలామె చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చుంది.

"నన్నేం చూస్తారు?" అంది విసుగ్గా. "నా పని అయిపోయిందనుకున్నాను. ముక్కు ఎప్పుడో సగం పోయింది, ఇవాళ నాలుక కూడా పోయింది, ఇక మిగిలింది ఫాదర్‌ను పిలిపించడమే అనుకున్నాను. చర్చి నుంచి వస్తూ నా సమాధి ఎక్కడ తవ్వించాలో కూడా చూసుకున్నాను." చేతికర్ర నేలకేసి కొట్టింది. "ముగ్గురం తాగాం. ముగ్గురం ఎవరి నోటిని వాళ్లం అనుమానించుకున్నాం. దీని ముక్కును మాత్రం ఒక్కరమూ అనుమానించలేదు. యోహాను విషం తాగి బతికాడు కాబట్టి సరిపోయింది. ఇలా రా."

వాల్‌బుర్గా వెళ్లి ఆమె ముందు నిలబడింది. ఒటీలియా తన వంకర వేళ్లతో ముడిని పట్టుకుని, పంటితో లాగి, తాళంచెవి విప్పింది. అడగడమంటూ ఉండదని అన్న మనిషి అడగలేదు. తీసుకుంది.

"పోయిన రోజునే ఇవ్వాల్సింది," అంది మెల్లగా.

"ఎవరికివ్వను అత్తయ్యా? ద్రాక్ష సంఘానికి పోతుందని భయపడ్డాను."

ఒటీలియా మనవరాలి వైపు తిరిగి, "హెలెనా ఎలా ఉంది?" అని అడిగింది.

రోస్విత తల్లి వైపు చూసింది. వాల్‌బుర్గా గాజు గొట్టం అందించింది. రోస్విత హెలెనాలోంచి కాస్త తీసి, గ్లాసులో తిప్పి, వాసన చూసింది. "పచ్చి ఆపిల్. ఇంకా..." ఆగింది. "ఇంకేమీ లేదు."

"ఆగు. తొందరపడకు," అంది వాల్‌బుర్గా. తనూ ఒక గుటక నోట్లో పోసుకుని నాలుక మీద నిలిపింది. పులుపు ముందు వచ్చింది, వెనక కొంచెం తీపి, ఆ తర్వాత అంచుల దగ్గర ఉప్పులాంటిది ఏదో. "గ్లాసును అరచేత్తో కాస్త వెచ్చ చెయ్యి. అడుగున ఇంకోటి ఉంటుంది. ఏటా ఉంటుంది హెలెనాలో."

రోస్విత రెండు చేతులతో గ్లాసు పొదివి పట్టుకుంది. మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంది. "తడిసిన పలకరాయి," అంది ఆశ్చర్యంగా. "వాన పడినప్పుడు మన కొండ మీద వచ్చేది."

"అదే."

అపొలోనియా బాగుంది. ఒటీలియా బాగుంది. ప్రతి బిరడా దగ్గరా వాల్‌బుర్గా ఊపిరి బిగబట్టింది, ప్రతిసారీ కూతురి మాట వచ్చేదాకా వదల్లేదు. ఆఖరికి తన పీపా దగ్గరకు వచ్చారు. బిరడా తీయగానే రోస్విత తల వెనక్కి తీసుకుంది.

"దీంట్లో వైన్ ఇంత ఎవరు తగ్గించారు? మిగతావన్నీ అంచుదాకా ఉన్నాయి."

"నేనే. రోజూ పొద్దున్నే వచ్చి బిరడా తీసి కాస్త తీసుకునేదాన్ని. ముక్కు తిరిగొచ్చిందేమో చూద్దామని." ఆ మాట పైకి అన్నాకే దాని అర్థం ఆమెకు పూర్తిగా తెలిసింది. "తీసినంత మళ్లీ నింపలేదు. రేపటికి వస్తుందిలే, అప్పుడు నింపుదామనుకునేదాన్ని. మిగతావాటికి చేసినట్టు దీనికి చెయ్యలేదు. లోపలికి గాలి చేరింది."

"రోజూనా?" అన్నాడు లుడ్గర్. "అయ్యో బుర్గా. ఒక్క మాట నాతో అనకపోయావా?"

"నీతో అంటే ఊరితో అన్నట్టే కదా నాయనా," అంది ఒటీలియా. ఆ మాటకు లుడ్గర్ కూడా నవ్వాడు. వాల్‌బుర్గాకు మాత్రం ఏడుపు వచ్చింది.

సీసాలో మిగిలినదాన్ని ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. దీవించిన వైన్ పారబోయకూడదు, పీపాల్లో పోయకూడదు. చివరికి రోస్విత, "అది వచ్చిన పీపాలోకే పోద్దాం. దానికే కదా దీవెన కావాలి," అంది. వాల్‌బుర్గా గరాటు పట్టుకుంది, కూతురు పోసింది. ఆ పీపాలోది ఇక వైన్ కాదు. వసంతంలో ఖాళీ చేసి, వేడినీళ్లతో తోమి, గంధకం పొగ పెట్టాలి. ఆ తర్వాత కూడా చెక్క మళ్లీ వైన్‌ను ఒప్పుకుంటుందో లేదో. పేరు చెక్కిన పలక మీద ఆమె ఒకసారి చెయ్యి వేసి తీసేసింది.

తలుపు వేశాక ఒటీలియా తాళంచెవిని మనవరాలి అరచేతిలో పెట్టింది.

"సెలవులయ్యాక నేను బడికి వెళ్లిపోవాలి కదా నానమ్మా!"

"వెళ్లు. శనివారాలు రా. మధ్యలో మీ అమ్మ నింపుతుంది, తోముతుంది, చెవి ఆనించి వింటుంది. నువ్వు లేకుండా బిరడా తెరిచి మూతి పెట్టదు. విన్నావా అమ్మాయ్?"

"విన్నాను అత్తయ్యా."

బాతు ఒక పక్క నిజంగానే మాడింది. అందరూ ఆ పక్కే బాగుందన్నారు. ఎర్ర క్యాబేజీ కూర వడ్డిస్తుండగా వీధి తలుపు చప్పుడైంది. కాస్పర్. చేతిలో ఖాళీ కూజా.

వాల్‌బుర్గా గరిటె కింద పెట్టింది. సాయంత్రమైనా కాకముందే ఊరంతా తెలిసిపోయిందన్నమాట. ఆచారం చర్చి తలుపు దగ్గర ముగుస్తుంది, ఇక ఇప్పుడు ఇతని నాలుకకు అడ్డేముంది?

"పండుగ శుభాకాంక్షలు," అన్నాడు కాస్పర్ టోపీ తీసి. మీసం ఇప్పటికీ కదల్లేదు. "మా ఆవిడ క్యాబేజీ వండుతోంది. పులుపు చాల్లేదంటోంది. పొద్దున్న మీరు పోసిన దాంట్లోంచి కాస్త ఇస్తారేమోనని."

లుడ్గర్ చెంచా పళ్లెంలో జారిపోయింది. ఒటీలియా కిటికీ వైపు తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి.

వాల్‌బుర్గా అతని ముఖంలోకి చూసింది. కనుబొమలు పైకి వెళ్లి ఉన్నాయి. అది ఎగతాళో మన్నింపో ఆమెకు తెలియలేదు. తెలుసుకోవాలని ఆమె ఇక చూడలేదు కూడా.

"నా పీపా చెడిపోయింది కాస్పర్. నా ముక్కు కూడా," అంది. అలవాటు కొద్దీ చెయ్యి నడుము దగ్గరకు వెళ్లింది. అక్కడ ఏమీ తగల్లేదు. "ఎంత కావాలంటే అంత పట్టుకెళ్లు. కానీ అమ్మాయిని అడుగు. తాళంచెవి దాని దగ్గరుంది."